గడప మీద నీలి గుర్తు: క్యూబా ఇళ్లలో అద్దె గదుల చరిత్ర

క్యూబాలో సొంత ఇంట్లోని గదిని యాత్రికులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే పద్ధతిని 'కాసా పార్టికులార్' అంటారు. 1997లో దీనికి చట్టం వచ్చింది. హోటళ్లు, ఫ్యాక్టరీలే కాదు, వీధి చివర కొట్టు కూడా సర్కారుదే అయిన ఆ రోజుల్లో మామూలు కుటుంబం లైసెన్సు తీసుకుని విదేశీ డబ్బు కళ్లజూడగలిగిన కొద్దిపాటి దారుల్లో ఇదొకటిగా ఉండేది. ఇంటి మీద అద్దె తినడం దోపిడీ అని తేల్చి దాన్ని రద్దు చేసిన ప్రభుత్వమే, నాలుగు దశాబ్దాలు తిరక్కముందే ఆ అద్దెకు లైసెన్సు ఇచ్చి పన్ను వసూలు చేసుకోవలసి వచ్చింది. ఈ మలుపు వెనక ఒక దేశపు గృహ విధానం, ఒక ఆర్థిక సంక్షోభం, పొరుగు దేశంతో తెగని వైరం కలిసి ఉన్నాయి.

అద్దె రద్దయిన దేశం

1950లలో హవానా అమెరికన్ల విహారస్థలం. 1930లో తెరిచిన హోటల్ నాసియోనాల్, 1957 డిసెంబరులో మొదలైన రివియెరా, 1958 మార్చిలో మొదలైన హిల్టన్ జూదశాలలతో కళకళలాడేవి. ఊళ్లో సాధారణ జనం మాత్రం ఎక్కువగా అద్దె కొంపల్లో ఉండేవారు. పాత హవానాలో ఒకప్పటి దొరల భవంతులను గదులు గదులుగా విడగొట్టి, గదికో కుటుంబం చొప్పున కాపురం పెట్టించిన కట్టడాలు వీధికి నాలుగైనా కనిపించేవి. ముంగిలి, కుళాయి, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి.

1959 జనవరిలో విప్లవ సేనలు హవానా చేరాక వాటి నాయకుడు ఫిడెల్ కాస్ట్రో మొదటి నెలల్లో హిల్టన్ హోటల్లోనే మకాం పెట్టి పాలన నడిపాడు. తర్వాత ఆ హోటలు ప్రభుత్వపరమై 'హబానా లిబ్రే' అయింది. కొత్త ప్రభుత్వం చేసిన తొలి పనుల్లో ఒకటి అద్దెల తగ్గింపు. 1959 మార్చిలో అద్దె మొత్తాన్ని బట్టి 30 నుంచి 50 శాతం వరకు కోత పెట్టింది. 1960 అక్టోబరు 14న వచ్చిన పట్టణ సంస్కరణ చట్టం ఇంకా ముందుకు వెళ్లి, ఇళ్లను ప్రైవేటుగా అద్దెకివ్వడాన్నే నిషేధించింది. అద్దెకున్నవాళ్లు అదే సొమ్మును కొన్నేళ్లపాటు ప్రభుత్వానికి కట్టి ఆ ఇంటికి యజమానులు కావచ్చు. పాత యజమానులకు నెలనెలా పరిహారం. కుటుంబానికి ఉండడానికి ఒక ఇల్లు, సెలవులకు వెళ్లడానికి ఊరవతల మరొకటి, అంతకు మించి ఉండకూడదు.

ఈ చట్టంతో క్యూబాలో సొంత ఇల్లున్న కుటుంబాలే అత్యధికమయ్యాయి. అయితే ఆ సొంతానికి హద్దులున్నాయి. ఇంట్లో ఉండవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు, మరొకరి ఇంటితో మార్చుకోవచ్చు. బజారులో బేరం పెట్టి అమ్ముకోవడం మాత్రం కుదరదు. అందువల్ల 'పెర్ముతా' అనే ఇళ్ల మార్పిడి పెద్ద వ్యవహారమైంది. హవానాలోని ప్రాదో వీధిలో చెట్ల కింద జనం చేరి, తమ ఇంట్లో ఎన్ని గదులున్నాయో, ఎలాంటి ఇల్లు కావాలో అట్టముక్కల మీద రాసుకుని పట్టుకు నిలబడేవారు. పైకి మార్పిడి, లోపల కొంత డబ్బు చేతులు మారడం మామూలే.

1968 మార్చిలో మిగిలిన చిన్న వ్యాపారాలు కూడా పోయాయి. కిరాణా కొట్లు, మంగలి షాపులు, తోపుడు బళ్లతో కలిపి యాభై వేలకు పైగా సంస్థలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత బంధువు ఊరు నుంచి వస్తే ఇంట్లో పడుకోబెట్టుకోవచ్చు గాని, డబ్బు తీసుకుని పరాయివాణ్ణి ఉంచుకోవడం చాటుమాటు వ్యవహారమే. 1984 డిసెంబరులో వచ్చిన గృహ చట్టం ఈ విషయంలో కొంచెం సందు ఇచ్చింది. యజమాని తన ఇంట్లో గదిని కొద్దికాలానికి అద్దెకిచ్చుకోవచ్చని ఒప్పుకుంది. 1988లో దాని స్థానంలో వచ్చిన చట్టంలోనూ ఆ వెసులుబాటు నిలిచింది. అప్పటికి దేశంలోకి వచ్చే పర్యాటకులు కొద్దిమంది. వాళ్లలోనూ చాలామంది సోవియట్ కూటమి నుంచి ప్రభుత్వ ఏర్పాట్ల మీద వచ్చేవాళ్లే కాబట్టి ఆ సందులోంచి పెద్ద వ్యాపారమేమీ పుట్టలేదు.

కరువు తెచ్చిన డాలరు

1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో క్యూబా కాళ్ల కింద నేల కదిలింది. చమురు, గోధుమ, యంత్రాల విడిభాగాలు వచ్చే దారి మూసుకుపోయింది. 1989, 1993 మధ్య దేశ ఉత్పత్తి మూడో వంతు పడిపోయింది. ప్రభుత్వం 'ప్రత్యేక కాలం' అని పేరు పెట్టిన ఆ రోజుల్లో కరెంటు గంటల తరబడి పోయేది. బస్సులు ఆగిపోయి చైనా సైకిళ్లు రోడ్డెక్కాయి. రేషన్ పుస్తకం మీద దొరికే సరుకు నెలలో సగం రోజులకైనా సరిపోయేది కాదు.

విదేశీ మారకం కోసం ప్రభుత్వం పర్యాటకం వైపు తిరిగింది. 1990లో మూడున్నర లక్షల లోపున్న విదేశీ యాత్రికుల సంఖ్య 1996లో పది లక్షలు దాటింది. స్పెయిన్, కెనడా, ఇటలీ కంపెనీలతో కలిసి వరదేరో తీరంలో హోటళ్లు లేచాయి. 1993 ఆగస్టులో క్యూబన్లు డాలర్లు దగ్గర పెట్టుకోవడం నేరం కాదన్నారు. సెప్టెంబరులో స్వయం ఉపాధికి అనుమతిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. 1994 ఆగస్టులో హవానా సముద్రపు గట్టు మీద జనం తిరగబడ్డారు. ఆ వేసవిలో ముప్పై వేలకు పైగా మనుషులు తెప్పలు కట్టుకుని ఫ్లోరిడా వైపు సాగిపోయారు.

ఇలాంటి రోజుల్లో విదేశీయుడికి గది అద్దెకివ్వడమంటే ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే పని. సర్కారు జీతం నెలకు సుమారు 200 పెసోలు. బజారు మారకం రేటులో అది పది డాలర్లు మించదు. ఒక్క రాత్రి గది అద్దె అంతకు రెట్టింపు ఉండేది. దాంతో ఒక డాక్టరు, ఒక ఇంజినీరు, ఒక బడిపంతులు ఇంట్లో మంచి గదిని ఖాళీ చేసి తాము వెనక గదిలో సర్దుకోవడం మొదలైంది. ఇదంతా మొదట్లో చీకటి వ్యవహారమే. హోటలు గదులకు కొరత ఉండటం వల్ల, ఆపడం కష్టమని తెలిసినందువల్ల ప్రభుత్వం కొంతకాలం చూసీచూడనట్టు ఊరుకుంది.

1997 ఉత్తర్వు, దాని షరతులు

1997 మే నెలలో వెలువడిన 171వ డిక్రీ చట్టం ఈ చాటు వ్యాపారాన్ని బయటికి తెచ్చింది. గది అద్దెకివ్వాలంటే పురపాలక గృహ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి, లైసెన్సు పొందాలి, పన్ను కట్టాలి. లైసెన్సు రెండు రకాలు. విదేశీయులకు ఇచ్చి డాలర్లలో పుచ్చుకునేది ఒకటి, స్వదేశీయులకు ఇచ్చి పెసోల్లో పుచ్చుకునేది రెండోది. మొదటి రకం ఇంటి తలుపు మీద తెల్లని అట్ట మీద నీలిరంగు గుర్తు ఉండేది. తలకిందులుగా పెట్టిన లంగరులా కనిపించే ఆ గుర్తును చూసి యాత్రికులు తలుపు తట్టేవారు. స్వదేశీయుల గదులకు వేరే రంగు.

పన్ను వేసిన తీరు యజమానులను బాగా ఇబ్బంది పెట్టింది. గది నిండినా నిండకపోయినా నెలకు ఇంతని కట్టి తీరాలి. పర్యాటకులు తిరిగే పేటల్లో అది గదికి వంద డాలర్లకు పైమాటే. ఏడాది చివర మొత్తం రాబడి మీద మళ్లీ ఆదాయపు పన్ను. భోజనం పెడితే దానికి అదనం. చలికాలంలో యూరప్, కెనడాల నుంచి జనం దిగే నాలుగైదు నెలలు సంపాదించి, వాన నెలల్లో ఖాళీ గదికి అందులోంచి పన్ను కట్టుకునేవారు. గిట్టుబాటు కాక లైసెన్సు తిరిగి ఇచ్చేసినవారూ ఉన్నారు, లైసెన్సు లేకుండా దొంగచాటుగా నడిపినవారూ ఉన్నారు.

ఇంటి యజమాని దగ్గర తప్పనిసరిగా ఒక రిజిస్టరు ఉండాలి. అతిథి పేరు, దేశం, పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ అందులో రాసి సంతకం పెట్టించాలి. ఇరవై నాలుగు గంటల్లోగా ఆ వివరం వలస శాఖకు చేరాలి. తనిఖీ అధికారి ఏ వేళనైనా తలుపు తట్టవచ్చు. రిజిస్టరులో లేని మనిషి గదిలో కనిపిస్తే భారీ జరిమానా. యాత్రికుడు చెప్పులు విప్పి మంచం మీద వాలకముందే ఇల్లాలు పాస్‌పోర్టు అడగడం వెనక ఉన్న భయం ఇదే.

2003లో నిబంధనలు మరింత బిగిశాయి. ఇంటికి రెండు గదులకు మించి ఇవ్వకూడదని, గదిలో ఇద్దరు పెద్దవాళ్లకు మించి ఉండకూడదని, యజమాని అదే ఇంట్లో నివసించాలని పట్టుబట్టారు. ఇల్లు హోటలుగా మారకూడదు, ఎవరి చేతిలోనూ ఆస్తి పోగుపడకూడదు అన్నది దీని ఉద్దేశం. ఇతర దేశాల నగరాలు పదేళ్ల తర్వాత తర్జనభర్జన పడి పెట్టుకున్న 'యజమాని ఇంట్లో ఉండాలి' అన్న షరతు క్యూబాలో అప్పటికే అమల్లో ఉంది. అక్కడ మిగతా నగరాల్లా ఇళ్ల కొరత గురించి బెంగ ఒక్కటే కాదు, ప్రైవేటు ఆస్తి పెరగడం గురించిన అనుమానమూ దీని వెనక ఉంది.

ఇంటి లోపల

వ్యాపారం ఎక్కువగా ఆడవాళ్ల చేతి మీద నడిచింది. గది తుడవడం, దుప్పట్లు ఉతకడం, వంట, లెక్కలు అన్నీ ఇంటి పెద్దావిడవే. ఉదయం ఫలహారంలో బొప్పాయి, అనాస, జామ ముక్కలు, గుడ్డు, రొట్టె, చిక్కటి కాఫీ ఉండేవి. రాత్రి భోజనానికి నల్ల చిక్కుడు గింజల పులుసు, అన్నం, కోడి మాంసం, వేయించిన అరటికాయ వడ్డించేవారు. పెద్ద లాబ్‌స్టర్లను ప్రభుత్వం ఎగుమతికీ తన హోటళ్లకూ కేటాయించుకున్నా, అవి చీకటి పడ్డాక పెరటి గుమ్మంలోంచి చాలా వంటిళ్లకు చేరేవి. ఫ్యాను, ఏసీ, వేడినీళ్ల హీటరు, మంచి పరుపు కొనడానికి మయామీలోనో మాడ్రిడ్‌లోనో ఉన్న బంధువు పంపిన సొమ్ము మొదటి పెట్టుబడి.

ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో అతిథులు మనుషుల ద్వారానే వచ్చేవారు. హవానాలో బస చేసిన యాత్రికుడు క్యూబాలోనే ఉన్న త్రినిదాద్ పట్టణానికి వెళతానంటే ఇంటావిడ అక్కడి తెలిసినవాళ్లకు ఫోను చేసి గది మాట్లాడిపెట్టేది. మర్నాడు బస్టాండులో అతని పేరు రాసిన అట్టతో ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. పంపినవాళ్లకు రాత్రికి ఐదు డాలర్ల చొప్పున కమీషన్ ముట్టేది. టాక్సీ డ్రైవరుకూ, వీధి దళారీకీ అదే లెక్క. యాత్రికుడు వెతుకుతున్న ఇల్లు నిండిపోయిందనో, ఇంటావిడ ఊళ్లో లేదనో అబద్ధం చెప్పి అతణ్ణి వేరే గుమ్మానికి మళ్లించడం దళారుల పాత విద్య.

కొన్ని ఊళ్లు పూర్తిగా ఈ గదుల మీదే బతికాయి. పశ్చిమాన పొగాకు పొలాల మధ్య ఉన్న వినియాలెస్ లోయకు 1999లో యునెస్కో గుర్తింపు వచ్చాక, ఆ ఊరి ప్రధాన వీధిలో నీలి గుర్తు లేని ఇల్లు వెతుక్కోవలసినంత అరుదైంది. ఒకప్పటి చక్కెర సంపన్నుల పట్టణం త్రినిదాద్‌లో ఎత్తయిన కప్పులు, పెంకులు, ఇనుప కటకటాల కిటికీలున్న పాత ఇళ్లు బాగుపడింది చాలావరకు అద్దె డబ్బుతోనే. ప్రభుత్వం దగ్గర సున్నానికీ కలపకూ నిధులు లేని కాలమది.

ఇళ్లకు ధర వచ్చిన కాలం

2006లో ఫిడెల్ జబ్బుపడి పగ్గాలు అతని తమ్ముడు రావుల్ కాస్ట్రో చేతికి వచ్చాక ఆంక్షలు ఒక్కొక్కటే సడలాయి. 2008లో క్యూబన్లను కూడా తమ దేశపు హోటళ్లలో దిగనిచ్చారు. అంతవరకు ఆ గదులు వాళ్లకు నిషిద్ధం. 2010లో స్వయం ఉపాధి జాబితాను పెంచినప్పుడు మరిన్ని గదులు, ఇల్లు మొత్తం కూడా అద్దెకివ్వడానికి, పనివాళ్లను పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. గది మీద నెలసరి పన్నూ తగ్గింది. 2011 నవంబరులో అర్ధశతాబ్దం తర్వాత ఇళ్ల అమ్మకం, కొనుగోలు చట్టబద్ధమయ్యాయి.

ఈ మార్పులన్నీ కలిసి ఇంటి విలువను తలకిందులు చేశాయి. వెదాదో పేటలో సముద్రం వైపు వసారా ఉన్న ఇల్లు, పాత హవానాలో మంచి వీధిలోని మేడ బాగా పలికాయి. విదేశాల్లో స్థిరపడ్డ క్యూబన్లు బంధువుల పేరు మీద ఇళ్లు కొని గదులుగా తీర్చిదిద్దారు. వలస వెళ్లినవారిలో తెల్లజాతివారే ఎక్కువ కాబట్టి విదేశాల నుంచి డబ్బు అందుకునే కుటుంబాలూ, మంచి పేటల్లో ఇళ్లున్న కుటుంబాలూ ఎక్కువగా వాళ్లవే. ఇరుకు గదుల్లో కాపురముండే నల్లజాతి కుటుంబాలకు ఈ వ్యాపారంలో దొరికింది తుడిచే పని, ఉతికే పని. 1960లో అందరికీ ఇల్లు దక్కింది నిజమే గాని, ఎవరికి ఏ ఇల్లు దక్కిందన్న తేడా యాభై ఏళ్ల తర్వాత డబ్బు రూపంలో బయటపడింది.

అమెరికా వచ్చి వెళ్లడం

2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు యువకులు తమ అపార్ట్‌మెంటులో గాలి పరుపులు వేసి ముగ్గురు అతిథులకు అద్దెకివ్వడంతో మొదలైన ఎయిర్‌బిఎన్‌బి, 2015 ఏప్రిల్‌లో క్యూబాలో అడుగుపెట్టింది. 2014 డిసెంబరు 17న బరాక్ ఒబామా, రావుల్ కాస్ట్రో సంబంధాల పునరుద్ధరణ ప్రకటించడం, 2015 జనవరిలో అమెరికన్ల ప్రయాణ నిబంధనలు సడలడం ఇందుకు దారి తీశాయి. మిగతా దేశాల్లో ఆ కంపెనీ ఇళ్లను ఒక్కొక్కటిగా కూడగట్టుకోవలసి వచ్చింది. క్యూబాలో లైసెన్సులు, గదులు, వంటావిడలు అన్నీ పద్దెనిమిదేళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. మొదటి రోజునే వెయ్యికి పైగా ఇళ్లు జాబితాలో చేరాయి.

చిక్కల్లా ఇంటర్నెట్, చెల్లింపులు. 2015 జులైలో ప్రభుత్వ టెలికాం సంస్థ పార్కుల్లో, కూడళ్లలో వైఫై పెట్టింది. మామూలు పెసో పక్కనే చలామణిలో ఉన్న, డాలరుతో సమానమైన 'మార్పిడి పెసోలు' గంటకు రెండు కట్టాలి. ఇంటి యజమానులు సాయంత్రం పార్కు బల్ల మీద కూర్చుని బుకింగులు చూసుకునేవారు, లేదా కనెక్షన్ ఉన్న మధ్యవర్తికి అప్పగించి వాటా ఇచ్చేవారు. బ్యాంకుల మీద అమెరికా ఆంక్షలున్నందువల్ల అద్దె సొమ్మును ఫ్లోరిడా నుంచి డబ్బు చేరవేసే సంస్థల మనుషులు ఇంటింటికీ తిరిగి నోట్ల రూపంలో అందించేవారు. 2016 మార్చిలో ఒబామా హవానా వచ్చినప్పుడు కంపెనీ అధిపతి బ్రయాన్ చెస్కీ కూడా వెంట వచ్చాడు. ఆ సందర్భంగానే ఇతర దేశాల యాత్రికులకు కూడా క్యూబా గదులు బుక్ చేసుకునే అనుమతి దొరికింది.

వేగం చూసి హవానా ప్రభుత్వమే కంగారు పడింది. 2017 ఆగస్టులో గది అద్దె సహా అనేక వృత్తుల్లో కొత్త లైసెన్సులు ఆపేసింది. 2018 డిసెంబరులో కొత్త నిబంధనలు తెచ్చాకే మళ్లీ ఇచ్చింది. అటు వాషింగ్టన్‌లో డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం 2017 నవంబరులో సైన్యంతో సంబంధమున్న హోటళ్లలో అమెరికన్లు దిగకూడదంది. సొంత ఇళ్లలో బస చేయడాన్ని మాత్రం క్యూబా ప్రజలకు తోడ్పాటుగా లెక్కించి అనుమతించింది. అలా ఒక ఇంటి గది ఇద్దరు ప్రభుత్వాధినేతల పంతం మధ్య పావు అయింది. 2019 జూన్‌లో విహార నౌకలు, బృంద యాత్రలు ఆగిపోయాయి. 2020 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ నాలుగు వందలకు పైగా బసలను నిషిద్ధ జాబితాలో పెట్టింది.

తర్వాత కోవిడ్ వచ్చింది. 2018లో 47 లక్షలు ఉన్న విదేశీ యాత్రికుల సంఖ్య 2021లో నాలుగు లక్షలకైనా చేరలేదు. 2021 జనవరిలో రెండు రకాల పెసోలను ఒకటి చేయడంతో ధరలు చుక్కలనంటాయి. అదే నెలలో అమెరికా క్యూబాను ఉగ్రవాద సహాయక దేశాల జాబితాలో తిరిగి చేర్చింది. దాని ఫలితంగా హవానా చూసివచ్చిన యూరప్ యాత్రికుడు ఆ తర్వాత అమెరికా వెళ్లాలంటే సులభ అనుమతి పనికిరాదు, వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. చాలామంది ఆ తలనొప్పి ఎందుకని దారి మార్చుకున్నారు. 2024లో వచ్చిన యాత్రికులు 22 లక్షలే. ఆ ఏడాది అక్టోబరులో దేశమంతటా కరెంటు వ్యవస్థ కుప్పకూలింది. లక్షల మంది దేశం విడిచి వెళ్లిన ఆ ఏళ్లలో, అద్దె గదుల కోసం తీర్చిదిద్దిన ఇళ్లే ప్రయాణ ఖర్చుల కోసం పరుపులు, ఏసీలతో సహా అమ్మకానికి వచ్చాయి.

కాసా పార్టికులార్ మొత్తం మీద క్యూబా కుటుంబాలకు రెండు విధాలుగా ఉపయోగపడింది. కరువు కాలంలో పొయ్యి ఆరకుండా చూసింది, సర్కారు బాగుచేయలేని పాత ఇళ్లను నిలబెట్టింది. బదులుగా ఇల్లున్నవాడికీ మంచి ఇల్లున్నవాడికీ మధ్య ఒక అంతరాన్ని పెంచింది. గదిని శుభ్రంగా ఉంచడం, అతిథికి వండిపెట్టడం, నెలనెలా పన్ను కట్టడం ఇంటివాళ్ల చేతిలో ఉన్నాయి. అతిథి రావడం మాత్రం మొదటినుంచీ హవానా, వాషింగ్టన్‌ల నిర్ణయాల మీదే ఆధారపడింది.